పేరమ్మక్క ఇచ్చిన టెలిగ్రాం

చింతపండు కొడుతుంటే గింజలు గచ్చు మీద టపటపా రాలే చప్పుడు ఉంది చూశారూ, అది ఈ వయసులో కూడా నేను నిమ్మళంగా వినలేను. మొన్న మా కోడలు వసారాలో గోనెపట్టా పరుచుకుని చింతపండు కొడుతోంది. ఒక గింజ ఎగిరి వచ్చి నా కాలి దగ్గర ఆగింది. దాన్ని వేళ్ల మధ్యకు తీసుకుని గుప్పిట్లో బిగించుకున్నాను. "ఏమైందత్తమ్మా, గట్ల తెల్లబోయినవ్?" అంది కోడలు. ఏం చెప్పను? ఒక చింతగింజ జరుగుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూశామంటే నవ్వుతుంది. పేరమ్మక్కను ఎరగని వాళ్లకు ఇది పిచ్చిమాటలాగే ఉంటుంది. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నిజాంసాగర్ కాలువ పారాక కృష్ణా జిల్లా రైతులు చాలామంది వర్ని వైపు వచ్చి వరిపొలాలు చేసుకున్నారు. పేరమ్మక్క వాళ్ల అన్నతో కలిసి అలా వచ్చింది. అన్న పొలం దగ్గరే ఉండేవాడు. ఆమె బాన్సువాడలో మా పక్కింట్లో దిగింది. భర్త లేడు. సముద్రం ఒడ్డున వాళ్ల ఊళ్లో ఒకసారి తుఫాను వస్తోందని తెలిసి అందరూ బయలుదేరితే, ఆయన గొడ్లను విప్పుకొస్తానని వెనక్కి వెళ్లాడట. "ఆయనా రాలేదు, గొడ్లూ రాలేదు" అని ఒక్కసారే చెప్పింది నాకు. ఒక్కగానొక్క కొడుకు కోటయ్య మాత్రం భార్య సుబ్బులుతో ఆ ఊళ్లోనే తండ్రి పొలం పట్టుకుని ఉండిపోయాడు. ఎంత పిలిచినా రాలేదు.

ఆమెది మొహం మీద కొట్టినట్టు మాట్లాడే నోరు. మా అమ్మ వండిన పులుసు నోట్లో పెట్టుకుని "ఉప్పు మరిచావా, పొదుపు చేశావా?" అనగలదు. ఆ రోజుల్లో చదవడం వచ్చిన ఆడపిల్లనని నేను నలుగురిలో సిగ్గుపడుతుంటే, "దొంగతనమేమన్నా చేశావా, దాచుకోవడానికి? గట్టిగా చదువు!" అని మా బాపు ఎదుటే పత్రిక నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పత్రిక చదివేది నేనే. మాటకు ముసుగు వేయడం ఆమెకు తెలియదని అనుకునేదాన్ని. అందుకే తరువాత జరిగింది చూసి మా అందరికీ మతిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, కార్తీకంలో, మా ఇంట్లోని బ్యాటరీ రేడియో మద్రాసు వార్తల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెప్పింది. సముద్రమంటే ఏమిటో చూడని మాకు అదొక మాట. పేరమ్మక్క మాత్రం చేతిలో చెంబు కింద పెట్టేసి గబగబా ముగ్గు డబ్బా తెచ్చింది. వసారా గచ్చు మీద వంకరటింకరగా ఒక గీత గీసింది. "ఇది మా ఒడ్డు. ఇక్కడ బందరు. ఇదిగో, ఇక్కడ మా కోటయ్య" అని ఒక పసుపుకొమ్ము పెట్టింది. గీతకు అవతల, దూరంగా, ఒక చింతగింజ పెట్టింది. అదే తుఫాను. వార్తలు వచ్చినప్పుడల్లా నన్ను రేడియో దగ్గర కూర్చోబెట్టి విన్నది చెప్పమనేది, తను గింజను జరిపేది. మొదటి రోజు మేము వేళాకోళం చేశాం. మరునాటికి గింజ బెత్తెడు దగ్గరకు వచ్చింది. ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి.

అది తుఫానుగా మారిందని, ఎటూ కదలకుండా ఒకేచోట నిలబడి బలం పుంజుకుంటోందని రేడియో చెప్పిన పొద్దున, "నిలబడిందా? అయ్యో, నిలబడిందే చెడ్డది" అని గోడకు చేరగిలబడింది. కాసేపటికి లేచి బాపు దగ్గరకు వచ్చింది. "అన్నయ్యగారూ, నిజామాబాద్ వెళ్లి ఒక టెలిగ్రాం ఇవ్వాలి. అమ్మాయ్, కాగితం తే. తల్లికి ప్రమాదంగా ఉంది, అందరూ వెంటనే రండి. అలా రాయి."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజుల్లో టెలిగ్రాంలో చావు అని ఎవరూ రాసేవారు కాదు. చదివినవాడికి దారిలోనే గుండె ఆగిపోతుందని, మనిషి పోయినా సరే, ప్రమాదంగా ఉంది అనే రాసేవారు. అందుకున్నవాడికీ ఆ సంగతి తెలుసు. కాగితం చూడగానే ఏడుపు మొదలయ్యేది.

"అక్కా, గిట్ల రాస్తే నువ్వు చచ్చిపోయినవనుకుంటరు" అన్నాను.

"అనుకోనీ. అందుకే."

బాపుకు కోపం వచ్చింది. "గిదేం పాడుమాట? బతికున్న మనిషి గిట్ల రాయించుకుంటదా? తుఫాన్ వస్తుంది, ఎల్లిరా అని రాస్తే సరిపోదా?"

"తుఫాననే చెప్పాం కోటయ్య నాన్నకి" అంది పేరమ్మక్క. "వెళ్దాం, రేపు వెళ్దాం అంటూ చివరిదాకా ఆగాడు. మా ఊళ్లో తుఫాను మీదికొచ్చేదాకా ఎవరూ ఇల్లు వదలరండీ. చావుకైతే అన్నం ముందు నుంచి లేచి వస్తారు."

బాపు కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆమె ఆ పూట కడుపునిండా తిన్నది. కోడలు వస్తే ఏం వండాలో, ఎక్కడ పడుకోబెట్టాలో మా అమ్మతో చెబుతూ కూర్చుంది.

మూడో రోజు పొద్దెక్కాక వీధిలో "అమ్మా!" అని ఒక్క కేక. కోటయ్య! పై గుడ్డ నేల మీద ఈడుస్తూ, పడుతూ లేస్తూ వస్తున్నాడు. అరుగు మీద పేరమ్మక్క బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది. వాడు తల్లిని చూసి అక్కడే కూలబడిపోయాడు. నోరు తెరిచి అలా చూస్తున్నాడు. ఆమె వాడిని చూడటం లేదు. వాడి వెనక చూస్తోంది.

"సుబ్బులు ఏదిరా?"

"నువ్వు... బతికే ఉన్నావా?"

"సుబ్బులు ఏదిరా అంటుంటే!"

"కడుపుతో ఉందమ్మా. మూడో నెల నిండాక నీకు చెబుదామనుకున్నాం. కడుపుతో ఉన్న మనిషి శవం ఉన్న ఇంటికి వెళ్లకూడదని పెద్దవాళ్లు ఆపేశారు."

చాట ఆమె చేతిలోంచి జారి బియ్యం మెట్ల మీదంతా చిమ్మింది. నేను మనిషి ముఖం అలా మారడం అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు. కోటయ్యకు అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాడు తిట్టలేదు. "తుఫానని రాసుంటే దాన్ని తీసుకునే వచ్చేవాడినమ్మా" అన్నాడు, అంతే. మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లాడు.

ఆ సాయంత్రం రేడియో మరీ భయపెట్టింది. బందరు రేవులో పెద్ద ప్రమాద జెండా ఎగరేశారట. ఒడ్డున ఉన్న ఊళ్లలో టముకు వేసి జనాన్ని మెరకకు పొమ్మంటున్నారట. బండ్లు కట్టుకుంటున్నవాళ్లు కొందరు, దూలానికి తాళ్లు బిగించుకుంటున్నవాళ్లు కొందరు. మరునాటి వార్తల్లో తుఫాను తీరం దాటిందన్నారు. గింజను గీత మీద పెట్టాలి. పేరమ్మక్క దాన్ని పట్టుకుని గీత దాకా తెచ్చింది, పెట్టలేకపోయింది. గుప్పిట్లో బిగించుకుని అక్కడే కూర్చుండిపోయింది. బాన్సువాడలో ఆకు కూడా కదలడం లేదు. ఎండ కాస్తోంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

తరువాత మాకు ఒక టెలిగ్రాం వచ్చింది. కోటయ్య ఇక్కడే తల్లి కర్మ చేస్తున్నాడనుకుని వాళ్ల మామగారు, అంటే సుబ్బులు తండ్రి, పంపాడు. నేనే చదివాను. "సుబ్బులుకు ప్రమాదంగా ఉంది, వెంటనే రండి."

అవే మాటలు! మా అమ్మ గొల్లుమంది. తుఫాను సంగతి విని వర్ని నుంచి వచ్చిన, వాళ్ల అన్న ఇంటి ఆడవాళ్లు మైలస్నానానికి నీళ్లు తోడబోయారు. పేరమ్మక్క లేచి బిందెకు అడ్డం నిలబడింది.

"తోడొద్దు! ఆ మాట నేనూ రాయించాను. ఆ మాటకి నేను చచ్చానా?"

"పేరమ్మా, మనసు రాయి చేసుకో బిడ్డా" అంది మా అమ్మ.

"చేసుకోను. ఉన్నదున్నట్టు రాసేవాళ్లు ఒక్కరన్నా ఉండరా లోకంలో?" అని నా వైపు తిరిగింది. "చెప్పు, ఉండరా?"

ఉంటారని తలూపాను. ఆమె ఒక్కతే ఆ నమ్మకం పట్టుకుని వేలాడింది. స్నానం చేయలేదు, ఎవరినీ ఏడవనివ్వలేదు.

ఆ మామగారు నిజంగానే ఉన్నదున్నట్టు రాశాడు! సుబ్బులు బతికే ఉంది. టముకు వేసినప్పుడు, మైలలో ఉన్న ఇల్లు వదిలి ఎలా వెళ్తావని పొరుగువాళ్లు మొహమాటపెట్టి ఆపేశారట. కోటయ్య ఇంకా దారిలో ఉండగానే ఉప్పెన వస్తే, ఆమె గడ్డివాము పట్టుకుని కొట్టుకుపోయింది. బందరు ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది, కడుపు నిలవలేదు. ఎండలు ముదిరాక కోటయ్య ఆమెను తీసుకుని బాన్సువాడ వచ్చాడు. సుబ్బులు అత్తగారి పక్కన కూర్చుని మెల్లగా, "మీరు పోయారని మూడు రోజులు ఏడ్చానత్తయ్యా" అంది. పేరమ్మక్క కోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. వాళ్లు కొన్నాళ్లుండి మళ్లీ ఆ ఒడ్డుకే వెళ్లిపోయారు.

చాలా ఏళ్ల తరువాత పేరమ్మక్క మంచాన పడింది. కోటయ్యకు కబురు పెడదామంటే వద్దంది. నన్ను దగ్గరకు పిలిచి, "నేను పోయాక టెలిగ్రాం ఇవ్వు. పోయింది అనే రాయి. ప్రమాదం అని రాశావనుకో, నేను బతికే ఉంటానని వాడు ఆశ పెట్టుకుని వస్తాడు" అంది.

పోస్టాఫీసులో గుమస్తా కాగితం చూసి, "గిట్ల రాయరమ్మా, సీరియస్ అని రాయుండ్రి" అన్నాడు. నేను మార్చలేదు. "అమ్మ ఈ పొద్దున పోయింది. సుబ్బులును, పిల్లలను తీసుకుని రా" అని ఉన్నదున్నట్టు పంపించాను. ఈసారి అందరూ వచ్చారు. కోటయ్య ఏడుస్తూ రాలేదు, ముందే ఏడ్చి వచ్చాడు. గుమ్మంలో ఆగి నన్ను చూశాడు. "నిజమే" అన్నాను. అప్పుడు లోపలికి వెళ్లాడు.