చివరి నోడు వెతికిన సారు

మా సారు పోయారని బుధవారం ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే హోసూరు బస్టాండులో షేర్ ఆటో దిగుతున్నాను. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, పిలిస్తే పలకలేదట. రోజూ పనికి ఎక్కే కృష్ణగిరి బస్సే ఎక్కి, అక్కడి నుంచి ఆయన ఊరు మత్తూరు వెళ్లాను. దారంతా ఆయన మాటలే.

సారు డాక్టరు కాదు. కృష్ణగిరిలో ఒక ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. ఆపరేషన్లో తీసిన భాగాలను పరీక్షకు సిద్ధం చేయడం ఆయన పని. ఎనిమిదేళ్లు ఆయన పక్క స్టూలు మీద కూర్చుని నేనూ ఆ పనే నేర్చుకున్నాను. లేబుల్ సరిగ్గా రాయకపోతే తమిళంలో తిట్టేవారు. తెలుగులో తిట్టడానికి నోరు రాదట. ఆ భాగాలు వచ్చిన డబ్బాలను మేమంతా నంబర్లతో పిలిచేవాళ్లం. ఆయన మాత్రం ఫారంలో ఊరు చూసి, "కెలమంగలం ఆయన వచ్చినారా?" అని అడిగేవారు. చేరిన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత నాకూ అదే అలవాటైంది.

ఆ కెలమంగలం ఆయన పట్టుపురుగులు పెంచే రైతు. అన్నవాహిక కడుపులో కలిసేచోట క్యాన్సర్. సర్జన్లు గడ్డ ఉన్న భాగంతో పాటు దాని చుట్టూ ఉన్న కొవ్వునూ తీసి పంపారు. లింఫు గ్రంథులు ఆ కొవ్వులోనే ఉంటాయి, మేము నోడ్లంటాం. జబ్బు గడ్డను దాటి పాకితే తరచు ముందు చేరేది వాటిలోకే. అందుకే వాటిని తీసేస్తే సరిపోదు, ఒక్కొక్కదాన్నీ వెతికి మైక్రోస్కోపు కింద చూడాలి. కొన్ని బఠాణీ గింజంత ఉంటాయి, కొన్ని రాగి గింజంత.

పొద్దంతా వెతికి తొమ్మిది తీశాను. వేళ్లు మొద్దుబారాయి, ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతున్నాయి. అయిపోయింది సార్ అన్నాను. ఆయన తింటున్న పెరుగన్నం డబ్బా మూసేసి, చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"కండ్లు మూసుకోని వెతుకమ్మా. కంటికి కొవ్వంతా ఒకటే. వేలికి తెలుస్తాది."

ఇద్దరం కలిసి మరో ఏడు తీశాం. చివరిది ఒక రక్తనాళాన్ని అంటుకుని ఉంది, సారు వేలికే దొరికింది. మొత్తం పదహారింటిలో జబ్బు కనబడింది ఆ ఒక్కదాంట్లోనే.

ఇంకా కీమో ఇవ్వాలని డాక్టరు చెప్పాక, ఆ రైతు భార్య రిపోర్టు చేతిలో పెట్టుకుని మా ల్యాబు కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను చూడలేకపోయాను. ఆ ఒక్కటి దొరక్కపోయుంటే వాళ్లు సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు కదా అన్నాను. సారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"పోయుంటారమ్మా. జబ్బు దాటిందని తెలీకుండానే పోయుంటారు. మళ్లా వచ్చేటప్పటికి మన చేతిలో ఏముంటాది?"

అని, గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు వినబడలేదు.

రెండేళ్ల తర్వాత ఆమె భర్తను వెంటబెట్టుకుని రక్తపరీక్షకు వచ్చింది. ఆయన సగం మనిషయ్యాడు గానీ తన కాళ్ల మీదే నడిచి వచ్చాడు. సారు కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్కటే అడిగారు.

"ముద్ద దిగుతా ఉందా అప్పా?"

"చిన్నచిన్నగా చేసుకోని దినానికి ఆరుసార్లు తింటాను సామీ."

ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ దంపతులు రోజూ దండం పెట్టుకుంటారట. కిటికీలో ఉన్న ఈయన ఎవరో వాళ్లకు తెలియదు. నీళ్లిచ్చిన మనిషిగా కూడా ఆమెకు గుర్తున్నట్టు లేదు. చెబుదామని నేను లేవబోతే సారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆ సాయంత్రం కన్నడ పాటేదో కూనిరాగం తీస్తూ గాజుపలకలు సర్దారు.

నాకు చేతనైన పని ఏదైనా ఉంటే ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట బతికుండగా ఆయనతో అనలేదు.

మత్తూరులో ఆయన్ను పడుకోబెట్టిన గదిలో, ఒక మూల వరిగడ్డి మీద మామిడికాయలు మాగేసి ఉన్నాయి. ఆదివారం ఆయనే పరిచారట. జనానికి అడ్డమని ఎవరో తీసి పక్క గదిలో పెట్టబోయారు. ఆయన భార్య తీయనివ్వలేదు.

"శుక్రవారం తీస్తామన్నారు గదా. ఉండనీండి."

నేను ఆ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. గది నిండా తియ్యటి వాసన. గడ్డిలోంచి బయటికి కనబడుతున్న ఒక కాయ, తొడిమ దగ్గర అప్పుడప్పుడే పసుపు తిరుగుతోంది.