పేరులేని అరటి

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. అమృతపాణి మొక్కలు రెండు వందల పద్నాలుగు. ఇరవై మూడు ఇళ్ల పెరళ్లలో ఇంటికి తొమ్మిది చొప్పున రెండు వందల ఏడు, చర్చి ఆవరణలో ఏడు. ఇవి తెగులుతో పోయాయి. వీటికి చోటు కోసం అంతకుముందే మేము గడ్డపారలతో తవ్వి పారేసినవి ముప్పై ఒక్క దుబ్బులు: తెల్ల చక్కెరకేళి పదకొండు, కర్పూర తొమ్మిది, పచ్చ అరటి ఆరు, వామనకేళి నాలుగు, పేరులేనిది ఒకటి. మా పల్లెలో ఏడు రకాల అరటి ఉండేది. ఆరు పోయాయి. చర్చి వెనుక మురుగు గట్టున ఎవరూ పట్టించుకోని కూరబొంత ఒక్కటే మిగిలింది.

ఈ లెక్క ఎవరూ నన్ను అడగలేదు. కానీ అరటి పోవడానికి కారణం నేను వేసిన లెక్కే కనుక, ఇదీ నేనే వేయాలి.

ఎనభయ్యో దశకం మొదట్లో నాకు ముప్పై దాటాయి. పత్తి జిన్నింగు మిల్లులో బేళ్ల తూకం రాసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసినా, మిల్లులో పాత పుస్తకాలు చూసి శాతాలు, సగటులు సొంతంగా నేర్చుకున్నాను. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. అయినా సాయంత్రాలు నా అరుగు ఖాళీగా ఉండేది కాదు. పొలం కొలతలో తేడా వచ్చినా, మిరపకాయల కోతకు రావాల్సిన కూలిలో అనుమానం వచ్చినా నా దగ్గరకే వచ్చేవారు. పని అయ్యాక కూడా కాసేపు కూర్చునేవారు. నాకు లెక్క కంటే ఆ కాసేపే ముఖ్యం. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

ఏటా కోతపండుగకు ప్రతి ఇంటివారూ తమ పంటలో కొంత చర్చికి తెచ్చేవారు. మాకు సొంత పొలాలు తక్కువ. పత్తీ మిరపా పండించేది రైతుల చేలల్లో, మా చేతులతోనే అయినా మావి కావు. మావి అని తేగలిగింది పెరట్లోవే: గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు. గెలల్ని వరండా దూలానికి వరసగా వేలాడదీసి, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. స్ప్రింగు కాటాతో తూచడం నా పని. నాలుగేళ్లు ప్రతి గెల తూకం, పాటలో పలికిన ధర, గెల దిగడానికి పట్టిన నెలలు మూడు వరసల్లో రాసుకున్నాను. ఏ ఏడాది చూసినా అమృతపాణి మొదట ఉండేది. చివర ఎప్పుడూ ఒకటే, మా పక్కింటి పెద్దమ్మ తెచ్చే గెల.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు, వరస పెట్టి పిలిచేవాణ్ణి, అంతే. భర్త లేడు, కూతుర్ని మంగళగిరిలో ఇచ్చింది. పెళ్లయి వచ్చేటప్పుడు కనిగిరి దగ్గరి పుట్టింటి నుంచి తడి గోనెలో చుట్టి తెచ్చుకున్న అరటి ఆమెది. దానికి పేరు లేదు, “మా అరటి” అనేది. గెలకు ఐదు హస్తాలు, కాయలు పొట్టిగా, పైన బూడిద పూసినట్టు ఉండేవి. పండినా చివర కొంచెం పులుపు. ఎంత ఎండలోనైనా వంటింటి నీళ్లతోనే బతికేది. ఆకు కాడ అంచున సన్నని ఎర్ర గీత. ఒక ఏడాది వేలం పాడేవాడు ఆ గెలను ఒంటిచేత్తో ఎత్తి, “ఏంటి పిన్నీ, గెల దింపావా, జడ కోసుకొచ్చావా?” అన్నాడు. అందరూ నవ్వారు. “నీ మెడలు విరిగే గెల నాకెందుకురా? తినేది నేనొక్కదాన్ని. రోజుకు రెండు తింటే పది రోజులైనా కాయ రాలదు,” అంది. నేనూ నవ్వాను. నా మూడు వరసల్లో ఆ మాట రాసుకోవడానికి చోటు లేదు.

ఐదో ఏడాది చర్చి పెద్దల ముందు నా కాగితం చదివాను. పెరటికి తొమ్మిది అమృతపాణి పెడితే ఇంటికెంత వస్తుందో చెప్పాను. అందరికీ నచ్చింది. పిలకలు ఇంటింటా తలా ఒక రకంగా ఉంటే కాపు సమంగా రాదని, అమరావతి అవతల కృష్ణ లంకలో ఒకే తోట నుంచి, ఒకే వయసువి ఏరి రెండు బండ్లలో తెప్పించాను. అన్నీ అచ్చు ఒకేలా ఉన్నాయని సంబరపడ్డాను.

పెద్దమ్మ రెండు వారాలు ఊగిసలాడింది. చివరికి గడ్డపార నాకే ఇచ్చి తవ్వమంది. దుబ్బు లేపాక, కత్తుల్లాంటి సన్నని ఆకులున్న సూదిపిలకలు మూడు వేరుచేసి నా చేతిలో పెట్టింది. మా పల్లెలో అరటి పిలక అమ్మరు, ఊరికే ఇవ్వరు. తీసుకున్నవాడి దుబ్బు పెరిగాక, ఇచ్చినవాళ్లు అడిగినప్పుడు అదే రకం పిలక తిరిగి ఇవ్వాలి.

“లెక్క నీది కాబట్టి తీయిస్తున్నా అబ్బాయ్. ఈ మూడూ నీ పెరట్లో బతకనీ. అడిగితే ఇద్దువుగాని.”

“సరే పెద్దమ్మా,” అన్నాను.

నా పెరట్లోనూ తొమ్మిది గుంతలు తవ్వి ఉన్నాయి, తొమ్మిదీ అమృతపాణికే. పదో గుంత ఆదివారం తవ్వుదామని మూడు పిలకల్నీ గోడ నీడన తడి గోనె కింద ఉంచాను. అది పత్తి వచ్చే కాలం, మిల్లులో రెండు పూటలా పని. ఆదివారం తవ్వలేదు, పై ఆదివారమూ తవ్వలేదు. గోనె తీసి చూసేసరికి దుంపలు కుళ్లి ఉన్నాయి. పెంటకుప్పలో వేశాను. ఆ తర్వాత పెద్దమ్మ కంచె అవతల నుంచి రెండు మూడుసార్లు అడిగింది, నావి ఎట్లా ఉన్నాయని. ఇంటి చాటున పెట్టాను, బాగున్నాయని చెప్పాను.

మొదటి కాపు బాగా వచ్చింది. దూలం నిండా గెలలు, అన్నీ ఒకే రంగు. నన్ను మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది చర్చి ఆవరణలో ఒక మొక్కకు కింది ఆకులు పసుపై, కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడాయి. కోసి చూస్తే దుంపలో ఎర్రటి చారలు. నీళ్లు చాలలేదేమో అనుకున్నాం, ఇంకా పెట్టాం. అన్ని పెరళ్లకూ నీరు ఒకే కాలువలో పోతుంది. తెగులు వరసగా ఇంటి తర్వాత ఇంటికి వెళ్లింది. రెండు వందల పద్నాలుగు మొక్కలుంటే పది పోయినా రెండు వందలు మిగులుతాయని నేను లెక్కేశాను. కానీ అవన్నీ ఒకే తోట పిలకలు. ఒకదాన్ని చంపింది ప్రతిదాన్నీ చంపగలదు. నేను మొక్కలు లెక్కపెట్టాను, రకాలు లెక్కపెట్టలేదు. పద్నాలుగు నెలల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. అరుగు మీదికి రావడం మానేశారు. కూలి లెక్కలు బడి పంతులుగారి ఇంటికి వెళ్లడం మొదలైంది. మిల్లు నుంచి వచ్చి అరుగు ఊడ్చి కూర్చునేవాణ్ణి. వీధిలో వెళ్లేవారు పలకరించి వెళ్లిపోయేవారు. ఆ ఏడు కోతపండుగకు స్ప్రింగు కాటా పట్టుకుని వరండాలో నిలబడ్డాను. తూచడానికి నాలుగు గుమ్మడికాయలు వచ్చాయి.

పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. ఆ ఊళ్లో దిగులు లేని మనిషి ఆమె ఒక్కతే. కంచె తలుపు తీసుకుని నేరుగా పెరట్లోకి నడిచింది.

“పోతే పోయాయిలేరా. నా మూడూ ఉన్నాయిగా. దుబ్బు కట్టి ఉంటాయి, ఇంటికొకటి పంచుదాం. ఎటువైపు పెట్టావు?”

నేను చెప్పాను. గోనె సంగతి, పెంటకుప్ప సంగతి. ఆమె ఎండిన తొమ్మిది బోదెలనూ ఒకసారి చూసి, చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ వేసవిలో మిల్లుకు సెలవు పెట్టి కనిగిరి బస్సెక్కాను. ఆమె పుట్టిల్లు వెతికి పట్టుకున్నాను. బావి ఎండిపోయింది. పెరడంతా కుప్పలుగా పేర్చిన పొగాకు మండెలు. ఆమె తమ్ముడి కొడుకు నన్ను మూడు ఊళ్లు తిప్పాడు. చివరి ఊళ్లో బూడిద పూసిన కాయలున్న దుబ్బు ఒకటి కనిపించింది. సంతోషంతో మూడు పిలకలు తీసుకుని, తడి గోనెలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

అప్పటికి పెద్దమ్మను కూతురు మంగళగిరి తీసుకెళ్లింది. అక్కడికి వెళ్లాను. ఆ ఇంట్లో మగ్గం గుంట పోను మిగిలిందంతా గచ్చు. ఆమె గోనె విప్పి, ఒక్కో పిలక ఆకు కాడ మీద బొటనవేలితో నిమిరింది. మూడూ చూసి మళ్లీ చుట్టేసింది.

“దీనికి ఎర్ర గీత లేదు. ఇది బొంతలో రకం, మాది కాదు.”

“పెట్టుకో పెద్దమ్మా, దొరికింది ఇదే.”

“పెట్టడానికి నాకిక్కడ జానెడు నేల లేదులే. నువ్వే పెట్టుకో. నాది మాత్రం నాకు బాకీనే.”

కోపంగా అనలేదు. కూతుర్ని పిలిచి నాకు అన్నం పెట్టించింది.

ఆ బొంతను నా పెరట్లో పెట్టాను, బతికింది. ఎవరైనా అడిగితే పిలకలు ఇస్తాను, తిరిగి ఇవ్వాల్సిన పని లేదని చెబుతాను. బస్సులో వెళ్తుంటే కిటికీ పక్కన కూర్చుని పెరళ్లు చూస్తాను. అరటి కనిపిస్తే దిగి ఆకు కాడ చూసి మళ్లీ బస్సెక్కిన రోజులున్నాయి. ఎర్ర గీత ఎక్కడా కనిపించలేదు. పెద్దమ్మకు ఈనాటికీ నేను ఇవ్వాల్సింది మూడు పిలకలు.