నిండుకుందండి, చూసుకోండి

మా ఆఫీసులో ఈ కథ చెప్పే తీరు వేరు. అమావాస్య రాత్రట. కరెంటు పోయి కన్ను పొడుచుకున్నా కానరాని చీకటట. చనిపోయిన రత్నంగారు జనరేటర్ గదిలోంచి ఫోను చేసి, "నా సర్వర్లను కాపాడండీ" అని మూలిగారట. ఫోనులోంచి అగరొత్తుల వాసన కూడా వచ్చిందని మొన్న అకౌంట్స్ అమ్మాయి కొత్తగా కలిపింది. ఫోనులోంచి వాసన ఎలా వస్తుందే తల్లీ అని అడిగితే, "ఏమో మేడం, అందరూ అంటున్నారు" అంది.

అది రాత్రి కాదు. మధ్యాహ్నం, భోజనాల వేళ. చీకటీ కాదు. జనరేటర్ నడుస్తోంది కాబట్టి ట్యూబులైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. మూలగడమంటారా, రత్నంగారు బతికుండగా ఎవరినైనా కసిరారేగాని మూలిగిన మనిషి కాదు. చనిపోయాక మాత్రం ఆ అలవాటు ఎందుకు వస్తుంది?

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. చిన్నప్పుడు మా మేనత్తకి పూనకం వస్తే, "ఏ తాళానికి ఊగుతున్నావో చెప్పత్తా, నేనూ వేస్తాను" అని ఇంటిల్లిపాది చేతా తిట్లు తిన్నదాన్ని. ఈ సంగతి రాస్తున్నది కూడా నన్ను నమ్మమని కాదు, తప్పుగా చెప్పుకోకండని.

కాకినాడలో హార్బరు వైపు వెళ్ళే రోడ్డులో మాదొక చిన్న డేటా సెంటరు. పేరు పెద్దదే. ఉన్నది మాత్రం మొదటి అంతస్తులో ఒక ఏసీ గది, అందులో ఇనప బీరువాల్లా వరసగా నిలబెట్టిన సర్వర్లు. ఈ చుట్టుపక్కల కాలేజీలు, నర్సింగ్‌హోములు, బట్టల షాపుల వెబ్‌సైట్లు వాటిలో ఉంటాయి. అవి ఆగకుండా చూడటం నా ఉద్యోగం. ఇంటర్నెట్ లైన్లు రెండు, ఒకటి రాజమండ్రి వైపు నుంచి, ఒకటి విశాఖ వైపు నుంచి. ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీలు, అవి దిగిపోయేలోపు జనరేటర్, జనరేటర్‌కి డీజిల్. కోట్లు పోసి ఎంత గొప్ప ఏర్పాటు చేసినా చివరికి వచ్చి ఆ డీజిల్ ట్యాంకు దగ్గర ఆగుతుంది.

ఆ జనరేటర్, బ్యాటరీల బాధ్యత రత్నంగారిది. నాకంటే పెద్దవారు, నాతో సమానమైన హోదా. అందుకే మా ఇద్దరికీ రోజూ గొడవే. వాళ్ళది పెద్దాపురంలో తరతరాలుగా కిరాణా వ్యాపారం చేసిన కుటుంబం. ఆయన ఇంజనీరయ్యాడు గాని నోరు మాత్రం కొట్లోనే ఉండిపోయింది. కొట్లో "లేదు", "అయిపోయింది" అనకూడదట, అంటే లక్ష్మి వెళ్ళిపోతుందట. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. ఇళ్ళలో ఆ మాటలు మనమూ వాడతాం. ఈయన వాటిని సర్వర్ గదిలోకి పట్టుకొచ్చాడు. స్విచ్ కాలిపోతే కొండెక్కింది. టోనర్ అయిపోతే నిండుకుంది.

ఒకసారి బ్యాకప్ డిస్కు నిండుకుందని చెప్పాడు. సగం రోజు వాదించుకున్నాం.

"నిండిందా, నిండుకుందా? తెలుగులో సరిగ్గా ఏడవండి."

"డిస్కులో ఖాళీ నిండుకుందండి. తెలుగు మీకు రాకపోతే నేనేం చేసేది?"

ఆ వేసవిలోనే రత్నంగారు గుండెపోటుతో పోయారు. నిండుకుందన్న మాట మా ఆఫీసులో ఇంకెవరూ అలా వాడరు. ఆయన స్థానంలో వచ్చిన ప్రవీణ్ హైదరాబాద్‌లో పుట్టి, ఇంగ్లీషు బళ్ళో చదువుకున్న కుర్రాడు. రత్నంగారిని చూడలేదు, ఆయన గొంతు వినలేదు.

తరవాత కార్తీకంలో వాయుగుండం వచ్చింది. ఎటో పోతుందనుకున్నది తిరిగి మా మీదికే వచ్చింది. అంతకుముందే వేటకెళ్ళిన బోట్లు కొన్ని ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. తిరిగొచ్చిన బోటు వచ్చినట్టు, అది ఏ రేవులో చేరిందీ ఎప్పటికప్పుడు పెట్టడానికి బోట్ల వాళ్ళ సంఘానికి ఒక వెబ్ పేజీ ఉంది. అది మా సర్వర్లోనే నడుస్తుంది. ఒడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళలో ఆడవాళ్ళందరూ ఆ రోజు చూస్తున్నది అదొక్కటే.

అలా చూసేవాళ్ళలో నూకాలు మా ఆఫీసు వరండాలోనే కూర్చుంది. మా ఇంటి వీధికి చేపలు తెచ్చేది నూకాలే. వంజరం ముక్క దగ్గర నాకూ తనకూ ఏనాడూ సయోధ్య కుదరలేదు. వాళ్ళాయన బోటు రాలేదు. వాళ్ళ పేటలో సిగ్నల్ పోయిందని, మా వైఫై కోసం తడుస్తూ వచ్చింది. వచ్చిన బోటు నంబరు ఆకుపచ్చగా మారుతుందని చూపించాను.

"నా తక్కెడని ఒక్కనాడూ నమ్మలేదు గదండీ మీరు. ఇప్పుడీ ఫోన్ని నన్ను నమ్మమంటారా?"

"నీ తక్కెడ కంటే ఇది నయం. కూర్చో."

"ఆయ్. ఇది ఆగిపోదు గదండీ అమ్మగారూ?"

ఆగదని మాటిచ్చాను. నేను ఎవరికీ తేలిగ్గా మాటివ్వను.

కరెంటు తెల్లవారేసరికే పోయింది. జనరేటర్ మోత పెరటి వైపు నుంచి వినిపిస్తూనే ఉంది. డీజిల్ మీటరు చూడటానికి అప్పలరాజు పొద్దున వెళ్ళి, ముల్లు ముప్పాతిక దగ్గరుందని చెప్పాడు. అప్పలరాజు అంటే జనరేటర్ చూసుకునే మనిషి. తరవాత పెరట్లో నీళ్ళు మోకాలి పైకి వచ్చాయి. జనరేటర్ గది ఎత్తు గచ్చు మీద ఉంది కాబట్టి దానికి భయం లేదని తాళం వేయించాను. తాళంచెవి నా గుత్తిలోనే, నా నడుముకే ఉంది.

భోజనాల వేళ ప్రవీణ్ నవ్వుకుంటూ వచ్చాడు.

"గుడ్ న్యూస్ మేడం. ట్యాంకు ఫుల్లుగా ఉందట."

"ఎవరు చెప్పారు?"

"జనరేటర్ రూం నుంచి ఇంటర్‌కం వచ్చింది."

అప్పలరాజు నా ఎదురుగా నిలబడి చొక్కా పిండుకుంటున్నాడు. వాడి వంక చూశాను, వాడు నా వంక చూశాడు.

"అక్కణ్ణించే వచ్చిందని నీకెలా తెలుసు?"

"ఫోను మీద కనిపించింది కదా మేడం."

"ఏమన్నారు? నీ ఫుల్లూ గిల్లూ వద్దు. అన్నది అన్నట్టు చెప్పు."

"'నిండుకుందండి, చూసుకోండి' అన్నారు. అంటే ఫుల్లనే కదా?"

నాకు చెమట పట్టిందనీ, గుండె ఆగిందనీ ఇప్పుడు కథలు చెప్పను. నాకు కోపం వచ్చింది. ఎవడో రత్నంగారిని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కోపంతోనే చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, అప్పలరాజుని తోడు తీసుకుని నీళ్ళలోకి దిగాను.

గదికి తాళం వేసినట్టే ఉంది. తీస్తే లోపల ఎవరూ లేరు, నేల పొడిగా ఉంది. ఫోను గోడకి వేలాడుతోంది. వైరు తెగిపోయి ఉందని కొందరు చెబుతున్నారు, అబద్ధం. వైరు బాగానే ఉంది. మీటరు ముల్లు ముప్పాతిక దగ్గరే ఉంది. అప్పలరాజు "బానే ఉందండి" అని వెనక్కి తిరిగాడు. ట్యాంకు మూత తీసి కర్ర ముంచమన్నాను. పైకి తీస్తే అడుగున తడి తప్ప కర్రకి ఏమీ అంటలేదు. ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది.

మెట్ల కింద దాచిన డీజిల్ క్యాన్లు తెచ్చి పోశాం. ఇంకాస్త ఆలస్యమైతే డీజిల్ పైపుల్లోకి గాలి చేరి జనరేటర్ ఆగిపోయేది. ఒకసారి గాలి పడితే దాన్ని తీసి మళ్ళీ స్టార్ట్ చెయ్యడానికి ఆ వానలో ఏ మెకానిక్కూ దొరకడు, బ్యాటరీలు అంతసేపు ఆగవు. పేజీ ఆగిపోయేది. ఆగలేదు.

ఆ తరవాత నేను అందరినీ కోర్టులో నిలదీసినట్టు నిలదీశాను. ఇంటర్‌కం ఉన్న ప్రతి గదిలో ఆ వేళ ఎవరున్నారో తేల్చాను. తడికి లైన్లు కలిసిపోయాయేమోనని టెలిఫోను మెకానిక్‌ని పిలిపించాను. అతనేమీ తేల్చలేదు. ప్రవీణ్ కల్పించాడందామా అంటే, అర్థం తెలియని మాటని ఎలా కల్పిస్తాడు? అది మంచి వార్త అనుకునే నవ్వుతూ వచ్చాడు. రత్నంగారు ఆ మాట ఎలా వాడేవారో వాడికి చెప్పినవాళ్ళు లేరు. పైగా జనరేటర్ నడుస్తుండగా ఆ గదిలో, ఆ మోతలో నిలబడి ఫోను మాట్లాడటం ఎవరి తరమూ కాదు. అప్పలరాజు ఏం చెప్పాలన్నా బయటికొచ్చి అరిచేవాడు.

ఇంతవరకు మా ఆఫీసు వాళ్ళకీ తెలుసు. రత్నంగారు పోయినా ఉద్యోగం మానలేదని వాళ్ళు మురిసిపోతారు. కథ అక్కడితో ఆపేస్తారు. నేను ఆపలేను, ఎందుకంటే నూకాలు మా వరండాలోనే ఉంది.

సాయంత్రానికి నంబర్లు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. కొందరు భైరవపాలెం వైపు చేరారు, కొందరు ఉప్పాడ చేరారు. ఒక్క నంబరు మారలేదు. నూకాలు ఫోను మీద వేలితో రుద్దుతూ కూర్చుంది, తడి అంటుకుని కనబడటం లేదన్నట్టు. "సరిగ్గానే పనిచేస్తోందా అండీ?" అని అడిగింది. పనిచేస్తోందని చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టంగా చెప్పిన మాట ఇంకొకటి లేదు.

ఆ బోటులో వెళ్ళినవాళ్ళలో ఒక్కడే బతికి బయటపడ్డాడు, వేరే బోటు వాళ్ళు తీశారు. నూకాలు వాళ్ళాయన దొరకలేదు.

కర్మకాండలయ్యాక నూకాలు మా ఇంటికి వచ్చింది. గంప లేదు. మెట్టు మీద కూర్చుని, బతికొచ్చినవాడు చెప్పింది నాకు చెప్పింది.

"అన్నం వండుకుని కంచాలు తీసే ఏలంటండి. ఒక్క కెరటానికి నీల్లొచ్చేసినాయంట. తోడతానే ఉన్నారంట. ఈయనేమో ఫోను సెవిలో పెట్టుకుని అరత్తానే ఉన్నాడంట, సిగ్నల్ లేదన్నా ఇనకుండా. బోటు నిండుకుంది, బోటు నిండుకుంది అని."

అది ఏ రోజు, ఏ వేళ అని అడిగాను. ఆ మధ్యాహ్నమే, భోజనాల వేళే అంది.

మర్నాడు ప్రవీణ్‌ని కూర్చోబెట్టి మళ్ళీ అడిగాను. ట్యాంకు అన్నారా? లేదు మేడం, ట్యాంకు అన్నది నేనే, జనరేటర్ రూం కదా అనుకున్నాను. పేరు చెప్పారా? లేదు. గొంతు ఎలా ఉంది? సరిగ్గా వినపడలేదు మేడం, వెనకాల ఒకటే హోరు.

ఆ పేజీని తీసెయ్యమని సంఘం వాళ్ళు అడగలేదు, నేనూ తియ్యలేదు. మా దగ్గరున్న సైట్లన్నిటిలో ఒక్కసారి కూడా ఆగనిది అదే. ఆ నంబరు అందులో అలాగే ఉంది.

రత్నంగారి నోట అయితే ఆ మాటకి ఖాళీ అయిందని అర్థం. నూకాలు వాళ్ళాయన నోట అయితే మునిగిపోతున్నామని అర్థం. నేను మొదటి అర్థమే తీసుకుని క్యాన్లు మోయించాను, ట్యాంకు నిజంగానే ఖాళీగా ఉంది. కాబట్టి నేను సరిగ్గానే విన్నానని అందరూ అంటారు. ఏమో. ప్రవీణ్ విన్న హోరు మా జనరేటర్‌దేనా?