మేస్త్రీకి పెట్టిన ఓళిగ ముక్క

మా చెల్లెలు రత్న పెంచుకున్న తొండ తన చావు తాను చావలేదు. రత్న పెట్టిన ఓళిగ ముక్క తిని అసలే చావలేదు. దాన్ని చంపింది నేను. ఈ మాట చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ నేను నోరు మూసుకుని ఉన్నందువల్ల ఒక మనిషి తన చేతిని తానే నమ్మకుండా బతికింది.

ఇప్పుడిది రాయించింది ఒక వాసన. వర్తూరులో రత్న వాళ్లింట్లో, రెండో అంతస్తులోని చిన్న గదిలో, కొత్త ప్లైవుడ్ పెట్టెలో వెలిగే దీపం కింద పలకరాయి కాలి, చెక్క వెచ్చబడి, మిట్టమధ్యాహ్నపు పెరడులాంటి వాసన వేస్తుంది. ఆ పెట్టె నేను చేసిందే. నా మేనకోడలు హర్షిత హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆర్నెల్ల కిందట బియర్డెడ్ డ్రాగన్ అనే జంతువును తెచ్చింది. చూస్తే మన తొండే, కాకపోతే జానెడున్నర పొడవు, ఇసుక రంగు, కోపమొస్తే నల్లబడి ఉబ్బే ముళ్ల గడ్డం. అటవీశాఖలో నమోదు కూడా చేయించింది. నాకు ఇనుప సామాన్ల కొట్టు ఉంది కాబట్టి దాని ఇల్లు కట్టే పని నా మీద పడింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ముందు జరిపే అద్దం, పైన గాలాడే జాలీ. బళేపేటకు వెళ్లి మరీ సన్నకంటి జాలీ తెచ్చాను.

హర్షిత ఫోన్‌లో చూసి చెబుతుంటే నేను బిగించాను. "మామా, హీట్ ల్యాంప్ ఒక్క సైడే. రాయి ఆ ల్యాంప్ కింద ఉండాల. ఈ సైడ్ కూల్‌గా, దాక్కునేకి గూడు. దానికి ఏది కావాలో అదే పోయి కూర్చుంటాది. యూవీ ట్యూబ్‌కు మాత్రం అద్దం అడ్డం రాకూడదు, లేకపోతే బోన్స్ వీక్ అయిపోతాయి." కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది పెట్టడం, ఆకుకూర సన్నగా తరగడం, రోజుకు రెండుసార్లు వేడి కొలవడం, అన్నీ చెప్పింది. ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం, ఏది కావాలో అదే పోతుంది అన్నప్పుడే నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ మాట ఎనిమిదేళ్ల పిల్ల నోట నేను ముందే విన్నాను.

అప్పట్లో వర్తూరు ఇంకా నగరంలో కలవని పల్లెటూరే. మా నాయన మదనపల్లె వైపు నుంచి గారపనికి వచ్చి చెరువు గట్టు దగ్గర రేకుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇంటి వెనక బొమ్మజెముడు కంచె, కంచె అవతల రాగిచేను, చేను దాటితే చెరువు. ఎండాకాలం చెరువు నుంచి ఎండిన నాచు వాసన, వానాకాలం కప్పల అరుపు, చలికాలం వస్తే ఊరంతా చిక్కుడులాంటి అనపకాయల వాసన. మంచుకు తడిసి, జిడ్డుగా, వేళ్లకు పట్టుకుంటే రెండు రోజులు వదలని ఆ వాసన కోసం జనం కాయలను ముక్కు దగ్గర పెట్టుకుని బేరమాడేవాళ్లు. సాయంత్రం మా అమ్మ, అవ్వ, రత్న చాప మీద కూర్చుని కాయలు ఒలిచి, గింజలు నానేసి, పొద్దున్నే చిటుక్కు చిటుక్కుమని పితికి పప్పు తీసేవాళ్లు. వేడి సంగటి మధ్యలో గుంట చేసి, అందులో పితికిపప్పు కూర పోసుకుని తింటుంటే ముక్కు కారేది. అవ్వ మాత్రం ముద్ద ముద్దకూ ఆగి, నడుముకు దోపుకున్న ఇత్తడి డబ్బీ తీసి, చిటికెడు నశ్యం పీల్చి, కళ్లు మూసుకుని, తుమ్ము వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తొండలంటే మా మగపిల్లలకు వేట. గొంతు ఎర్రబడిందంటే దూరం నుంచే మన రక్తం పీలుస్తోందని అరచేత్తో బొడ్డు మూసుకుని, రెండో చేత్తో రాళ్లు విసిరేవాళ్లం. అట్లా రాయి తగిలి వెనక కాలు విరిగిన తొండ ఒకదాన్ని రత్న గౌను చెరగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ద్రాక్షపళ్ల పెట్టెలో నాయన పని దగ్గరి ఇసుక పోసింది. నాయన పారేసిన ఇసుక జల్లెడ పైన మూత పెట్టింది. ఒక మూల నల్లరాయి, ఇంకో మూల పగిలిన కుండపెంకు. పొద్దున్నే పెట్టెను గుమ్మం ముందుకు లాగి, ఎండ జరిగే కొద్దీ పెట్టెను జరిపేది. "సగం ఎండ, సగం నీడ ఉండాలన్నా. దానికి నోరు లేదు కదా, యాడ బాగుంటే ఆడికి అదే పోతాది" అనేది. అనపకాయల్లో దొరికే పచ్చ పురుగులను మా అమ్మ పారేయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఏరుకునేది. ప్రతిదానికీ తల ఊపుతుందని దానికి 'మేస్త్రీ' అని పేరు పెట్టింది. నాయన చేత పని చేయించే పైమేస్త్రీ కూడా గోడ వంకరగా ఉన్నా తలే ఊపేవాడు. ఆ పేరు విని నాయన అన్నం పొలమారేలా నవ్వాడు.

కాలు కుదిరింది. ఉగాది నాటికి మేస్త్రీ రత్న అరచేతిలోంచి తినేది.

ఆ ఉగాది పొద్దున్న తలంటు పోసుకుని, వేపపూత పచ్చడి నాకి, రత్న పూర్ణం నిండిన తన ఓళిగలోంచి గోరంత ముక్క తుంచి మేస్త్రీ నోటికి అందించింది. అది నాకి, మింగి, తల ఊపింది. తర్వాత అమ్మతో గుడికి వెళుతూ, "అన్నా, ఎండ జరిగితే పెట్టె జరపు. మరిచిపోవద్దు" అంది. నేను మరిచిపోలేదు. పెట్టెను ఎత్తుకుని చెరువు గట్టు మీద నా జతగాళ్లకు చూపించడానికి తీసుకుపోయాను.

"ఏమ్రా, ఆడపిల్ల మాదిరి తొండకు ఊడిగం చేస్తా ఉండావే?" అన్నాడు మాలో పెద్దవాడైన సీనప్ప. "మీ అవ్వ నశ్యం ఉండాది కదా, తేపో. మేస్త్రీ చేత చిందు తొక్కిద్దాం."

కాదనడానికి నాకు నోరుంది. అవ్వ పడుకుని ఉంటే డబ్బీ తెచ్చింది నేనే. మేస్త్రీ నోరు తెరిచి పట్టుకుంది నేనే, ఎందుకంటే అది నా చేతికీ అలవాటుపడింది, పారిపోలేదు. నోట్లో నశ్యం పడగానే అది గిరగిరా తిరిగింది, వెల్లకిలా పడింది, మళ్లీ లేచి తిరిగింది. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వు ఆగేసరికి అది నోరు తెరుచుకుని పడి ఉంది. మూతి తుడిచి, పెట్టెలో రాయి మీద పడుకోబెట్టి, గుమ్మం దగ్గర సగం ఎండలో, సగం నీడలో పెట్టాను.

గుడి నుంచి వచ్చిన రత్న పిలిచింది, తట్టింది, నోటిలో నీళ్లు పోసింది. అవ్వ వచ్చి చూసి, "ఏం పెట్టినావే దీనికి?" అంది. ఓళిగ అని చెప్పింది రత్న. "తీపి పెట్టి చంపితివి కదే పాపీ! నీ చేతిలో జీవాలు బతకవు పో" అంది అవ్వ. పండగపూట నోరు జారిన ముసలామె అరగంటకే ఆ మాట మరిచిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా వేళ్లకు ఇంకా నశ్యం వాసన ఉంది. వెనక్కి దాచుకున్నాను.

రత్న మేస్త్రీని బొమ్మజెముడు కంచె కింద పాతిపెట్టింది. ఆ తర్వాత ఏ కుక్కకూ అన్నం పెట్టలేదు, కుండీలో ఒక మొక్క నాటలేదు. పెళ్లయి హర్షిత పుట్టి అన్నప్రాశన చేసిన రోజు, మొదటి ముద్ద అత్తగారి చేత పెట్టించింది. అత్తగారంటే కోడలికి ఎంత మర్యాద అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, వెళ్లి రెండోసారి పాయసం వడ్డించుకున్నాను.

పోయిన నెల హర్షిత ఆఫీసు పని మీద పుణె వెళ్లాల్సి వచ్చింది. తన జంతువును నెల రోజులు చూసుకోమని తల్లిని అడిగింది. రత్న ఆ గది గడప దాటలేదు. "నా చేత్తో మాత్రం వద్దు. మీ మామను వచ్చి పెట్టమను" అంది. రోజూ పొద్దున్నే నేను వచ్చి పెడుతున్నాను.

నిన్న నేను దీపం వేసి బయటికి వస్తే రత్న హాల్లో అనపకాయలు ఒలుస్తోంది. చెరువు వైపు కిటికీలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ల బాల్కనీలే కనిపిస్తాయి. కంచె లేదు, చేను లేదు, తొండ కనిపించి ఎన్నేళ్లయిందో. "ఒక్క పురుగూ లేదు చూడన్నా," అంది రత్న, ఒలిచిన తొక్కలు వేళ్లతో కదిలిస్తూ. "ఏం మందులు కొడతారో. ముందర కాయకొకటి ఉండేది."

నలభై ఏళ్లలో ఆమె మాట మేస్త్రీ దగ్గరిదాకా రావడం అదే మొదటిసారి. నేను చాప మీద కూర్చుని చెప్పేశాను. సీనప్ప మాట, డబ్బీ, నేను నోరు తెరిచి పట్టుకోవడం, నవ్వడం, అన్నీ.

రత్న ఒలవడం ఆపలేదు. ఇంకో కాయ అందుకుంటూ అడిగింది. "ఎంతసేపు తిరిగింది?"

"చాలాసేపు."

"అవ్వ తిట్టేటప్పుడు చెప్పొచ్చు కదన్నా."

"భయమైంది."

"నలభై ఏండ్లా?"

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. వేళ్లకు జిడ్డు, పచ్చటి మరకలు. వాటిని ఒకసారి తిప్పి చూసుకుంది. "నా బిడ్డకు మొదటి ముద్ద నేను పెట్టుకోలేదన్నా," అంది.

గదిలో ఆ జంతువు రాయి ఎక్కి పడుకున్న చప్పుడు వినిపించింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "నువ్వు ఎండా నీడా అన్నీ సరిగ్గా పెట్టినావు రత్నా. నీ చేతిలో అది బతికింది. నా చేతిలో చచ్చిపోయింది. తప్పు చేసినాను, చెప్పకుండా ఇంకా పెద్ద తప్పు చేసినాను. నన్ను మన్నించమ్మా."