బిగించిన మూత

నా చిన్నప్పుడు, నయాపైసలు కొత్తగా చేతికొస్తున్న రోజుల్లో, ఒక్క పూటలో ఒక కోడినీ ఒక పెద్దావిడ మర్యాదనూ కలిపి పాడుచేశాను.

మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క, కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో కాపురం ఉండేది. టైఫాయిడ్ వచ్చి, నెలకు పైగా గంజినీళ్ళ మీద బతికి, ఆ రోజే పథ్యం వదులుతోంది. బావ పని మీద కావలి వెళ్ళాడు. ఆ ఇంట్లో కోడిని కోసేవాళ్ళు లేరు. అందుకని మా నాన్న తెల్లవారుతూనే గుడ్లు పెట్టే పెట్టను కోసి ముక్కలు కొట్టాడు. అమ్మ ఉప్పూ పసుపూ పట్టించి, సత్తుగిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది.

"మాంసం ఇంకా ఎచ్చగుండాది మే. మూత బిగించబాక, వారగా పెట్టుకో. దోవలో యాడా నిలబడబాక" అంది.

రెండు మాటలకూ సమానంగానే అన్యాయం చేశాను.

ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. అది ఇసుక మీదికి వచ్చేదాకా చూడకపోతే బతుకు వృథా అనిపించింది. కాకులు చేరుతుంటే గిన్నె మూత గట్టిగా బిగించి, ఇసుకలో దించి, నేనూ ఒక తాడు పట్టుకున్నాను. వల వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. భయమేసి ముక్కలన్నీ కాలవలో కడిగాను. దారిలో ఒక ఇంట్లో పసుపు అడిగి మళ్ళీ పూశాను. పెళ్ళికూతురికైనా అంత పూయరు.

ఇంటికి చేరితే గిన్నె అక్క వాళ్ళత్తగారు అందుకుంది. ఆమెకు చూపు తక్కువ. ఒక ముక్కను వేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. వేళ్ళకు జిగురు సాగింది. ఎముక దగ్గర చీల్చి వాసన చూసింది.

"అత్తా, పొయ్యి మీద పెట్టినావా? నోరూరతా ఉండాది" అని లోపలి నుంచి అక్క కేకేసింది.

అత్తగారు గొంతు తగ్గించింది. "పసుపు పైన పూస్తారు మే, ఎముక కాడ పూయలేరు. దీన్ని అక్కకు ఉడకెయ్యమంటావా?"

గిన్నెకు బిగించిన మూత అప్పుడు నా నోటికి పడింది.

ఆమె మళ్ళీ అడగలేదు. పెరట్లో గుంట తీసి ముక్కలన్నీ పూడ్చేసి, లోపలికి వెళ్ళి, "ఏమరుపాటున గిన్నె గడప కాడ పెట్టినానమ్మా. కుక్క ఎత్తుకపోయింది" అని చెప్పింది.

అక్క ఏడ్చింది. "కళ్ళు కనపడనిదానివి, నీకెందుకు అప్పజెప్పినారో" అనేసింది. జబ్బు మనిషి, ఆశపడ్డ మనిషి. ఆ మాట నాకు రావలసింది. నాకు మాత్రం మజ్జిగన్నం వచ్చింది. అత్తగారే కలిపి పెట్టింది. అన్ని మెతుకుల అన్నం నా జన్మలో తినలేదు, ఒక్కొక్కటే లెక్కగా గొంతు దిగింది.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కనపడినప్పుడల్లా చెప్పబోయి, ఆరోగ్యం అడిగి వచ్చేదాన్ని. అక్క మాత్రం ఆ లేని కుక్కను చాన్నాళ్ళు తిట్టింది.

ఇప్పటికీ కోడిమాంసం ఇంటికొస్తే రంగును నమ్మను. నొక్కి చూస్తాను, ఎముక దగ్గర వాసన చూస్తాను, అనుమానం వస్తే పారేయిస్తాను. ఎక్కడ నేర్చుకున్నారని మా కోడలు అడిగితే, అక్క వాళ్ళత్తగారి దగ్గర అంటాను. నేను నేర్చుకున్న పాఠానికి దెబ్బ ఆమె తిన్నదని ఇంతవరకూ చెప్పలేదు.