ఇంజన్ మీద పోసిన కొబ్బరినీళ్ళు

మా మామయ్యగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, మజ్జిగ ఇంకాస్త పలచగా ఉంటే బాగుండేదని అత్తయ్యగారితో అని, మంచం మీద ఒరిగారట. కాఫీ వేళకి లేపబోతే లేవలేదు. అప్పుడు నేను ఆసుపత్రి ల్యాబులో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి "నాన్నగారు లేరు" అని ఊరుకున్నారు. ఎక్కడికెళ్ళారండీ అని అడిగాను. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నా కారు టైర్లలో గాలి చూసిన మనిషి లేరంటే నాకు అలాగే అర్థమైంది.

తణుకు దగ్గర పల్లెటూరు మాది. ఆయన వరీ చెరకూ పండించిన రైతు. మీలో ఆయన్ను ఎరిగినవాళ్ళు తక్కువే ఉంటారు. పేపర్లో వెయ్యదగ్గ పనులేమీ ఆయన చెయ్యలేదు. కోడలిగా నాకు చేసింది ఒకటుంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మొదట్లో ఒక ఆటో, ఒక బస్సు, మళ్ళీ ఇంకో ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలివాళ్ళు నేను వెళ్ళేసరికి ఆకలితో గోడకి చేరగిలబడి ఉండేవారు. అది చూడలేక పాత కారు ఒకటి కొనుక్కుని నడపడం నేర్చుకున్నాను. మా ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడదాన్ని నేనే. మామయ్యగారు ట్రాక్టర్ నడిపినవారే గానీ, ఈ కారు మాత్రం అమ్మాయిదని చెప్పి ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఏడాది తిరిగేసరికి కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. కాలవ గట్టు మీద పోతూ పోతూ ఊపిరి పోయినట్టు ఆగిపోయేది. వెనక చెరకు లోడు ట్రాక్టరు, దాని వెనక బస్సు, హారన్ల మోత. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. తణుకులో మెకానిక్‌కి ఇస్తే అతని చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. మీటర్లో అప్పుడప్పుడు వెలిగే పసుపు దీపాన్ని చూసి, పాత బండికి ఇవి మామూలేనన్నాడు. మేడంగారు క్లచ్ సరిగ్గా తొక్కట్లేదేమో అని కూడా అన్నాడు. అంతే, ఆ మాట పట్టుకుని ఇల్లూ ఊరూ ఒకటయ్యాయి. మా ఆయన మంచివారే, కాదనను. ఆ మంచితనంతోనే, నాకు ఏదైనా అయితే ఎలా అని భయపడి, కారు అమ్మేద్దామన్నారు. నన్ను మళ్ళీ బస్సులో వెళ్ళమన్నారు. ఆదివారం చూడటానికి వస్తామని కొనేవాళ్ళెవరో ఒప్పుకున్నారు కూడా. పదిమందీ ఒకే మాట అంటుంటే మన కాలి మీద మనకే అనుమానం వస్తుంది. నిజంగానే నాకు నడపడం రాదేమోనని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను.

ఓ రోజు పొద్దున్నే మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా ఆయన రోడ్డు చూడలేదు, తల వంచుకుని నా కాళ్ళే చూశారు. మామగారు అలా కాళ్ళు చూస్తుంటే ఏ కోడలికైనా ఎంత ఇబ్బందో మీకు తెలుసు. చీర కుచ్చిళ్ళు సర్దుకోవడమా, గేరు మార్చడమా అన్నట్టుంది నా పని. గట్టు మలుపులో కారు ఎప్పటిలాగే ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇది ఆగినప్పుడు నీ కాలు క్లచ్ మీద లేదు. నేను చూశాను" అన్నారు.

అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన కాలవలోకి చూస్తూ, నేను కళ్ళు తుడుచుకునేదాకా నీళ్ళు ఎంత తగ్గాయో చెబుతూ కూర్చున్నారు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ పెట్టి చూసే చోటికి తీసుకెళితే, ఇంజన్ పైభాగంలో ఉండే క్యామ్ సెన్సర్ సరిగ్గా పనిచెయ్యట్లేదని తేలింది. ఇంజన్ తిరిగే వరస చూసి కబురందించే చిన్న వస్తువు అది. అక్కడే మార్పించేస్తారనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. మన కళ్ళతో మనం చూసుకోకపోతే రేపు ఏం జరిగినా మళ్ళీ నీ కాలి మీదకే వస్తుందన్నారు. కొత్త సెన్సర్ కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆదివారం వచ్చేవాళ్ళని ఆగమని కొడుకు చేత ఫోన్ చేయించారు.

ఆయన పని చూడటం ఒక వేడుక. పాత లుంగీ, బనీను. విప్పిన బోల్టులు పెట్టుకోవడానికి అత్తయ్యగారు అన్నం తినే కంచమే కావాలి, ఇంకో కంచం పనికిరాదు. ఫోన్లో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో పెట్టుకునేవారు. ఆయనకి హిందీ ఒక్క ముక్క రాదు. మాటలు మనకెందుకమ్మా, వాడి చేతులు చూడు అనేవారు. నేను టార్చి పట్టుకుంటే వెలుతురు ఎప్పుడూ తప్పు చోటే పడేది. నువ్వు చూసే చోట కాదు, నేను చూసే చోట వెయ్యమని కసిరేవారు. ఆ రోజు ముందు బ్యాటరీ వైరు తీయించారు. తర్వాత సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు, అదే కనెక్టర్, ఊడదీసి, ఒక్క బోల్టు విప్పి, పాత సెన్సర్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగారు. కొత్తదాని రబ్బరు రింగుకి ఇంజనాయిలు రాసి, నొక్కి బిగించి, ఎండిపోయిన పాత కనెక్టర్నే దానికి తగిలించారు. ఊడదీసేటప్పుడు దాని కొక్కెం విరిగిందని, దారంతో కట్టేశారు.

కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత ఒకరోజు మళ్ళీ ఆగింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన చూసిన చూపు నాకు తెలుసు. ఆదివారం వాళ్ళకి మళ్ళీ ఫోన్ చెయ్యడానికి లేచారు.

మామయ్యగారు అన్నం సగంలో వదిలి వెళ్ళి బానెట్ ఎత్తారు. ఈసారి సెన్సర్ జోలికి వెళ్ళలేదు. దారం విప్పి కనెక్టర్ని తిరగేసి, టార్చి లోపలికి వెయ్యమన్నారు. ఇత్తడి పుల్లలు చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి. వాటి మూలల్లో ఏదో జిగురు ఎండి అట్టకట్టి ఉంది, అందులో కాస్త కుంకం కూడా కనబడింది. ఆయన ఆ కుంకాన్ని గోటితో గీకి, వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశారు.

కారు కొన్న కొత్తలో అందరం కోరుకొండ స్వామి గుడికి వెళ్ళాం. కొండ కింద కారుకి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాం. చక్రం దగ్గర కొట్టిన కాయలో నీళ్ళు ఎందుకు పారబొయ్యడమని, బానెట్ ఎత్తించి, పసుపూ కుంకం చల్లి, ఇంజన్ మీద భక్తిగా పోసింది మామయ్యగారే. అమ్మాయి క్షేమంగా తిరగాలని దండం కూడా పెట్టుకున్నారు. ఆ నీళ్ళు కనెక్టర్లోకి దిగి, ఏడాదంతా నెమ్మదిగా తింటూ వచ్చాయి.

ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. ఆయన తల్చుకుంటే చిలుం గీకేసి, ఎలక కొరికిందని చెప్పి ఊరుకోవచ్చు. నేనూ నోరెత్తేదాన్ని కాదు. ఆయన మాత్రం అత్తయ్యగారినీ మా ఆయన్నీ బయటికి పిలిచి, చేతిలో కనెక్టర్ చూపించారు.

"కారు ఆగుతోంది అమ్మాయి వల్ల కాదురా. నా వల్ల. కొబ్బరినీళ్ళు పోసింది నేను, మాటలు పడింది తను."

అత్తయ్యగారికి దేవుడి మీద మాట రావడం నచ్చలేదు. స్వామి ప్రసాదం వల్ల బండి పాడవడమేంటండీ అన్నారు. స్వామి చక్రం దగ్గర కొట్టమన్నాడు గానీ ఇంజన్‌కి తాగించమనలేదే అని ఆయన జవాబు. మా ఆయన తల వంచుకుని లోపలికి వెళ్ళి, రాజమండ్రిలో కొత్త కనెక్టర్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, మర్నాడు తనే వెళ్ళి తెచ్చారు.

కొత్తదానికి మూడు వైర్ల తోకలున్నాయి, వాటి రంగులు మా కారు వైర్ల రంగులతో కలవలేదు. మామయ్యగారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏ గుంటలోంచి ఏ వైరు వచ్చిందో చూసుకున్నారు. మూడూ ఒకేసారి కోసేద్దామా అని అడిగితే, ఒకటి కోసి, అది అతికాకే రెండోది కొయ్యాలన్నారు. అన్నీ కోసుక్కూర్చుంటే కంగారు తప్ప పని ఉండదట. అతుకులు కూడా ఒకే చోట పడకూడదు, ఒకదానికొకటి రాసుకుంటాయి. "వేరు కాపరాల్లాగా కాస్త ఎడంగా ఉంటేనే మంచిది" అని, లోపలికి వినబడేలా గట్టిగా అన్నారు. వంటింట్లోంచి గిన్నె చప్పుడు జవాబుగా వచ్చింది. మూడో వైరు నా చేతికిచ్చి, తగరం కరిగించి అతికే సోల్డరింగ్ నన్నే చెయ్యమన్నారు. తగరం ముద్దగా పడితే తీయించి మళ్ళీ చేయించారు. అతుకు మీద ప్లాస్టిక్ స్లీవు ఎక్కించి, వేడి చేసి బిగించాక, రేపెప్పుడైనా ఆగితే ఎవర్ని తిట్టుకోవాలో నీకే తెలుస్తుందిలే అన్నారు. కారు మళ్ళీ ఆగలేదు.

ఆ తర్వాత కూడా ఏటా కోరుకొండ వెళ్ళేవాళ్ళం. ఎవరైనా ఉత్సాహంగా బానెట్ ఎత్తబోతే, ఆయన దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడేవారు. పక్క కార్ల వాళ్ళని కూడా వదలకుండా బతిమాలి చెప్పేవారు. విన్నవాళ్ళకన్నా విసుక్కున్నవాళ్ళే ఎక్కువ. నేను ఆయన్ను ఏడిపించేదాన్ని, ఈసారి మజ్జిగ పోద్దామా మామయ్యగారూ అని. ఇప్పుడు అలా ఏడిపించడానికి ఎవరూ లేరు. నాకు తండ్రి చిన్నప్పుడే పోయారు. ఆ బెంగ ఇన్నేళ్ళకి ఇప్పుడు మొదలైంది.

అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలపాలి. పెద్దవాళ్ళు కూర్చుని, డ్రైవర్ని మాట్లాడదామని అనుకున్నారు. అత్తయ్యగారు మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఇటు తిరక్కుండానే, "డ్రైవరెందుకు? ఆయన కోడలుంది కదా" అన్నారు.

మా ఆయన అస్థికల కుండని గుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి కాబట్టి బెల్టు నేనే పెట్టాను. ఎన్నేళ్ళయినా, నేను నడుపుతుంటే ఆయన డాష్‌బోర్డు మీద చెయ్యి తియ్యరు, లేని బ్రేకు కాలితో తొక్కుతూనే ఉంటారు. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాక ఏమీ మాట్లాడకపోతే ఏడుస్తున్నారేమో అని పక్కకి చూశాను. తండ్రిని రెండు చేతులతో పట్టుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. కింద గోదావరి నిండుగా ఉంది. కుదుపు తగలకుండా మెల్లగా పోనిచ్చాను.