క్యాలెండర్ ఎనుక పన్నెండు మాటలు

ఈ క్రిప్టో ముచ్చట నాకు మొదలు చెప్పింది మా బామ్మర్ది నర్సింగు. ఆ సంగతి ముందుగాల యాది పెట్టుకోర్రి. పోయిన వారం మా ఇంట్ల ఏమైందో చెప్తే మీరు నవ్వుతరు గని, నాకైతే ఇంకా నవ్వు రాలే!

నాకు బ్యాంకంటేనే మంట. ఎనిమిదేండ్ల కింద కౌంటర్ల కూసున్నోడు నా సంతకం నాది కాదన్నడు. లైన్ల అందరి ముందట! నేను మర్చిపోతనా? అది నర్సింగుకు ఎరుకే.

"బావా, దీంట్ల బ్యాంకు లేదు, సంతకం లేదు. సర్కారు గూడ చెయ్యి పెట్టలేదు. పైసలు నీ ఫోన్లనే ఉంటయ్. పన్నెండు ఇంగ్లీషు మాటలిస్తరు, గవ్వే తాళంచెవి. ఎవ్వరికీ చూపియ్యకు" అన్నడు.

మా ఇంటామె మోకాలు ఆపరేషన్‌కని దాసిన పైసలన్నీ అండ్ల పెట్టిన. ఆమెకు చెప్పలే.

నాకు చదువు అంతంతే. పాలాయన నంబరు, గ్యాస్ నంబరు అన్నీ గోడ మీదనే రాస్త. ఆ పన్నెండు మాటలు గూడ ఒక్కొక్క అక్షరం చూసుకుంట, క్యాలెండర్ ఎనుక గోడ మీద పెన్సిల్‌తోని దించిన. ముందుగాల ఫోన్ల చూసి రాసుకున్న కాయితం కాలవెట్టిన. నా అంత పక్కా మనిషి లాల్‌దర్వాజాల ఇంకొకడున్నడా?

అంతల బోనాలొచ్చినయ్. ఇంటికి సున్నం ఎయ్యాలె కద! సున్నమేసే సాయిలు అడిగిండు: "బాపూ, క్యాలెండర్ ఎనుక ఎవలు చూస్తరు? ఇడ్సిపెట్టనా?"

"ఏంది, కూలి గూడ సగం ఇడ్సిపెడతవా?"

"ఏవో పెన్సిల్ గీతలున్నయ్ బాపూ..."

"పోరగాండ్లు గీసినయేమో! గరుకు కాయితంతోని రుద్దు! రెండుసార్లు ఎయ్యి! ఒక్క గీత కనపడొద్దు!"

కనపడలే. మంచిగేసిండా లేదా అని ఫోన్ టార్చ్ కొట్టి మూలమూల చూస్తున్న. ఫోన్ జారి సీదా సున్నం బకెట్ల పడ్డది! అఫ్జల్‌గంజ్‌ల రిపేరాయన చూసి, "చాచా, ఖతం" అన్నడు.

కొత్త ఫోన్ కొన్న. నర్సింగు వచ్చిండు. "ఫికర్ చెయ్యకు బావా, పన్నెండు మాటలు కొడితే పైసలన్నీ దీంట్లకొస్తయ్. ఏడ రాసినవ్?"

"క్యాలెండర్ ఎనుక" అన్న దర్జాగ.

ఎత్తిండు. పాలలెక్క తెల్లటి గోడ!

"కస్టమర్ కేర్ నంబర్ ఇయ్యిరా, నేను మాట్లాడత!"

"దీనికి కస్టమర్ కేర్ ఉండదు బావా."

"మేనేజర్?"

"లేడు."

"మనం ఓట్లేసి గెలిపిచ్చినోళ్లకన్నా చెప్పుకుందాం!"

"వాళ్ల చేతుల గూడ లేదు."

"మరి దీనికి పెద్ద ఎవడురా?"

"ఎవ్వడు లేడు. గదే కద దీని గొప్ప!"

ఆ బ్యాంకోడే నయం! పాస్‌బుక్ పోతే, తిట్టుకుంటనే ఏలిముద్ర తీస్కొని ఇంకోటిచ్చిండు. లొల్లి పెట్టుకునేతందుకన్నా ఒక మనిషుండె.

గోడ గీకుడు షురూ చేసిన. రెండు మాటలు సగం సగం కనపడ్డయ్. అంతే. మా ఇంటామె కుంటుకుంట వచ్చింది. "ఏందయ్యా, మొన్న ఏపిచ్చిన సున్నం ఇయ్యాల గీకుతున్నవ్?"

చెప్పక తప్పలే. ఆమె మోకాలు పట్టుకొని కూసున్నది. తిట్టినా బాగుండె.

గిప్పుడు గల్లీ మొత్తం చెప్పుకుంట తిరుగుతున్నది: "పాపం, మా ఆయనను ఆన్‌లైన్ దొంగలు మోసం జేసిన్రు" అని. నన్ను మోసం జేసే మొగోడు ఇంకా పుట్టలే! దొంగలు రాలే, ఏం రాలే. దగ్గరుండి, కూలిచ్చి, రెండుసార్లు సున్నమేపిచ్చి నేనే పోగొట్టుకున్న. నేను ఎంత చెప్పినా ఇంటలే, చదువొచ్చినోళ్లు ఎవరన్నా జర ఆమెకు అసలు సంగతి చెప్పుర్రి!